తొట్టెల తూకం

ఇటు రండి బిడ్డలారా, ఆ గడప మీద కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి జరగండి. గట్టిగా చెబితే ఈ కథకు రుచి రాదు, పక్కన కూర్చుని మెల్లగా వినాలి. ఇది మన నాగరాణి కథ. చివ్వెంల అవతలి పల్లెలో గొర్లు కాసుకునే సోమయ్య, కొమురమ్మ ఉన్నారు చూడండి, వాళ్ళ పెద్దబిడ్డ. సొంత ఊరి ఆడవాళ్ళే మొహం మీద నవ్వుతూ తలుపు వేసుకుంటుంటే, ఎందుకో తెలియక ఆ పిల్ల ఎంత గింజుకున్నదో చెబుతాను.

నాగరాణి సూర్యాపేట దవాఖానలో స్టాఫ్ నర్సు. చెయ్యి చాలా మెత్తన. పసిపిల్లలకు సూది వేయాలంటే డాక్టర్లు కూడా ఆమెనే పిలిచేవాళ్ళు. మగడు వీరేశం మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లారీలను తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. కాపురం మిర్యాలగూడలో, కొలువు సూర్యాపేటలో. ఆమె నైట్ డ్యూటీ దిగి బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి అతను టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరుతుండేవాడు. గుమ్మంలో ఎదురుపడి, "తిన్నవా" అంటే "తిన్న" అనుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. పెళ్ళయినప్పటి నుంచి ఇదే వరస.

అలా ఉండగా మిర్యాలగూడలో కొత్తగా ఒక నర్సింగు బడి పెడుతున్నారని తెలిసింది. ఎమ్మెస్సీ నర్సింగు చదివినవాళ్ళకే అక్కడ టీచరు కొలువు. నాగరాణి పోయి అడిగితే, "రెండేళ్ళకు వచ్చే ఎండాకాలానికి పట్టా తెచ్చుకోమ్మా, కుర్చీ ఖాళీగా పెడతాం" అన్నారు. ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం. పగటి కొలువు. రాత్రి ఇంట్లో అన్నం, పక్కన మనిషి. ఇక ఆమెకు కంటిమీద కునుకు లేదు. దవాఖానలో సెలవు పెట్టి, కోదాడలో ఒక కాలేజీలో చేరింది.

ఎమ్మెస్సీ అంటే పుస్తకాలు బట్టీపట్టి పరీక్ష రాసి వచ్చే చదువు కాదు. ఎవరికి వారు ఒక సంగతి ఎంచుకోవాలి. ఊళ్ళు తిరిగి అందులో నిజమేమిటో కనుక్కోవాలి. దాన్ని పుస్తకంగా రాసి, పెద్దల ముందు నిలబడి వాళ్ళు అడిగినవాటికి బదులు చెప్పాలి. అప్పుడుగాని పట్టా రాదు. నాగరాణి ఎంచుకున్నది బాలింత తిండి.

మన ఇళ్ళల్లో బాలింతకు ఏం పెడతారో మీకు తెలుసు. వేడి అన్నం, ఎల్లిపాయ కారం, ఇంత నెయ్యి. పప్పు పెడితే పసిదానికి కడుపు ఉబ్బుతుందంటారు. ఆకుకూర పెడితే పచ్చగా పారుతుందంటారు. నీళ్ళు కూడా గొంతు తడిసేంతే. పచ్చి ఒళ్ళు నీరు పడుతుందని భయం. దవాఖానలో డాక్టరు ముందు తల ఊపి, ఇంటికి రాగానే మళ్ళీ ఆ కారమే. నాగరాణి ఇది ఏళ్ళ తరబడి చూసింది. తల్లి ఏం తిన్నది, పిల్ల ఎంత పెరిగింది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాట చెల్లుతుందనుకున్నది. పుట్టిన మొదటి వారం నుంచి వారం వారం పిల్లను తూచాలి. అదీ ఆమె పని.

కోదాడ కాలేజీలో ఆమెకు దారి చూపే పెద్దావిడ సీత మేడమ్. ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి అంతా విన్నది.

"బాగుందమ్మాయ్. కానీ ఒక మాట గుర్తుపెట్టుకో. తల్లులు చెప్పేవి మాటలు. తూకం ఒక్కటే సాక్ష్యం. అది లేకపోతే నీ పుస్తకం కట్టించుకుని ఇంట్లో పెట్టుకోవడమే. ఎక్కడ చేద్దామనుకుంటున్నావు?"

"మా ఊర్లనే మేడమ్. చుట్టుపక్కల పల్లెలు అన్నీ మా చుట్టాలే. నేను అడిగితే కాదంటరా?"

"చుట్టాలతోనే కష్టం తల్లీ. సరే, చూడు."

నాగరాణి నవ్వుకుంది. ఈ ఆంధ్రావైపు మేడమ్‌కు మనవాళ్ళ సంగతి ఏం తెలుసులే అనుకుంది. కాలేజీ నుంచి వేలాడే కాంటా ఒకటి తెచ్చుకున్నది. గుండ్రటి ముఖం, మీద తిరిగే ముల్లు, కింద కొక్కెం, ఆ కొక్కేనికి పిల్లను కూర్చోబెట్టే గుడ్డసంచి.

ఆ రోజుల్లోనే ఆమె తమ్ముడు నరేష్ భార్య వసంత ఆడపిల్లను కన్నది. ఊళ్ళో, పక్క పల్లెల్లో మరికొందరు బాలింతలు కూడా ఉన్నారు. మొదటి తూకం ఇంటిపిల్లతోనే మొదలుపెడదామని నాగరాణి అందరినీ తన పుట్టింటి వాకిట్లోకి పిలిచింది. తల్లి కొమురమ్మ చాపలు పరిచింది, చాయ్ పెట్టింది. బిడ్డ ఇంత చదువు చదువుతున్నదని ఆమెకు మురిపెం. మేనత్త వరసయ్యే సాలమ్మ తన కోడలి పిల్లను ఎత్తుకుని ముందే వచ్చి కూర్చున్నది.

"ఏం కోడలా, సూదులు గిట్ల ఏస్తవా ఏంది? సూదైతే నేను లేసి పోత."

"సూది లేదు ఏం లేదత్తా. బరువు సూస్త, అంతే."

"నాది సూడు ముందుగాల. నీ కాంటా ఇరిగిపోతది."

అందరూ నవ్వారు. నాగరాణి కాంటా తగిలించడానికి చోటు వెతికింది. వాకిట్లో, గొర్ల దొడ్డి పక్కన, వేపచెట్టు ఉన్నది. దాని కింది కొమ్మకు ఒక ఇనుప కొక్కెం ఎప్పటినుంచో ఉన్నది. సరిగ్గా కంటి ఎత్తులో ఉన్నది. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? కాంటా దానికి తగిలించింది, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసింది, వసంత ఒళ్ళో నుంచి పిల్లను తీసుకుని సంచిలో కూర్చోబెట్టింది. పిల్ల కాళ్ళు రెండూ కిందికి వేలాడాయి. ఏడ్చింది. నాగరాణి ముల్లు చూసి రాసుకున్నది.

తల ఎత్తేసరికి నవ్వులు లేవు. వసంత వచ్చి పిల్లను లాక్కున్నట్టే తీసుకుని కొంగు కప్పి లోపలికి పోయింది. కొమురమ్మ చాయ్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. సాలమ్మ చాప దులుపుకుంటూ లేచింది.

"పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చిన కోడలా. పోయొస్త."

"గదేందత్తా, పిల్లను తూచలేదు గద."

"రేపు సూద్దాం తియ్యి."

ఒకరి వెనుక ఒకరు అందరికీ ఇంట్లో పని గుర్తొచ్చింది. వాకిట్లో చాపలు, తాగని చాయ్, నాగరాణి మిగిలారు.

ఆ రేపు రాలేదు బిడ్డలారా. అదే అసలు బాధ. ఎవరైనా కాదని మొహం మీద అంటే కొట్లాడవచ్చు. వీళ్ళు కాదనలేదు. మర్యాద చేశారు. నాగరాణి ఏ ఇంటికి పోయినా "రా బిడ్డ, కూసో, అన్నం తిని పో" అనేవాళ్ళు. తల్లి ఏం తిన్నదో అడిగితే చెప్పేవాళ్ళు. సంచిలో నుంచి కాంటా బయటికి తీయగానే ఆ ఇంట్లో పిల్ల ఉండేది కాదు. ఒకచోట ఇప్పుడే పడుకున్నది. ఒకచోట నీళ్ళు పోస్తున్నారు. ఒకచోట అమ్మమ్మ ఎత్తుకుని పోయింది. లోపలి గదిలో నుంచి అదే పిల్ల ఏడుపు వినబడుతుంటే, "గది పక్కింటి పిల్ల" అని నవ్వుతూ చెప్పేవాళ్ళు.

సాలమ్మ ఇంటికి మళ్ళీ మళ్ళీ పోయింది. సాలమ్మ ప్రతిసారి ఒక కొత్త కారణం చెప్పేది.

"అత్తా, నేను నీ కడుపుల పుట్టకున్నా నీ చేతుల పెరిగిన. జర నిజం చెప్పు. ఏం తప్పు జేసిన?"

"నువ్వేం తప్పు జేస్తవే, బంగారమసొంటి పిల్లవు. ఉల్లిగడ్డ కోసి పెడ్త, రెండు రొట్టెలు తింటవా?"

"రొట్టెలు కాదత్తా. జర పిల్లను తేరాదూ."

"నిద్రవోయింది."

"మొన్న గూడ నిద్రనే పోయింది."

"మంచి పిల్ల. మా కొడుకు లెక్క గాదు, మస్తు నిద్రవోతది."

నాగరాణి ఇంటికి వచ్చి తల్లిని నిలదీసింది. కొమురమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

"అవ్వ, నువ్వన్న చెప్పు. వసంత గూడ పిల్లను ఇయ్యకపాయె. నా తమ్ముని బిడ్డను నేను ముట్టుకోవద్దా?"

"ముట్టుకో. ఎత్తుకో. ఎవలు వద్దన్నరు?"

"తూస్తనంటె మాత్రం మాట్లాడరు."

"ఇంకోటి ఏదన్న సదువరాదా బిడ్డా. షుగరో బీపీయో. ముసలోళ్ళం ఉన్నం గద, ఎంతంటె అంత తూసుకో మమ్ముల."

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. గుర్తుందా మీకు, తెలంగాణ కావాలని ఊరూవాడా పని బంద్ పెట్టింది? బడులు మూత, ఆఫీసులు మూత, బస్సులు డిపోల్లో నిలిచాయి. నాగరాణి కూడా దవాఖాన వాళ్ళతో రోడ్డు మీద కూర్చుని వచ్చింది. అయితే చదువుకు మాత్రం సమ్మె లేదు, గడువు ఆగలేదు. షేర్ ఆటోల్లో వేలాడుతూ, తమ్ముడి బండి మీద వెనుక కూర్చుని, ఎర్రదుమ్ము కొట్టుకుని పల్లెలకు పోయేది. పోయి, అన్నం తిని, తూకం లేకుండా తిరిగి వచ్చేది. బట్టల సంచిలో కాంటా డొల్లుతూ ఉండేది. దాని కొక్కెం గీరుకుని రెండు చీరలు చిరిగాయి.

మిర్యాలగూడలో మగడికి చెప్పుకుంటే, అతనికీ విసుగు వచ్చింది.

"ఇగ ఎన్నొద్దులు తిరుగుతవు రాణీ? గా పిల్లల బరువు ఎవలు మళ్ళ తూసొస్తరు? మా మిల్లుల సూడు. లారీ కాంటా ఎక్కకముందే తూకం పుడతది. రాసేటోని చేతుల ఉంటదే గది."

"వడ్లు గాదయ్యా, పిల్లలు."

"నీ క్లాసోళ్ళు ఏం జేస్తున్నరు మరి?"

తోటివాళ్ళు కొందరు ఏం చేస్తున్నారో ఆమెకు తెలుసు. ఫ్యాను కింద కూర్చుని ఊళ్ళు తిరుగుతున్నారు. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. పిల్ల పుట్టినప్పుడు ఇంత, వారానికి ఇంత పెరుగుతుంది, పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి. ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. ఎండాకాలానికి కుర్చీ తనది. ఆ రాత్రి వీరేశం నిద్రపోయాక ఆమె పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసి, ఏమీ రాయకుండానే పడుకున్నది.

తర్వాత ఒక పొద్దున పుట్టింట్లో ఉండగా, వాకిట్లో బండి ఆగింది. పర్వతాలు అనే మేకల బేరగాడు వచ్చాడు. పొట్టేళ్ళు కొనడానికి. మునుపటి బేరగాళ్ళు పొట్టేలు నడుము మీద చెయ్యి వేసి, ఎత్తి చూసి, గుత్తగా బేరం చేసేవాళ్ళు. ఇతను కొత్త పద్ధతి మనిషి. కిలోల లెక్కన కొంటాడు. సంచిలో నుంచి వేలాడే కాంటా తీశాడు. గుండ్రటి ముఖం, తిరిగే ముల్లు, కింద కొక్కెం. తీసుకుపోయి వేపకొమ్మకున్న ఆ ఇనుప కొక్కేనికే తగిలించాడు.

కొమురమ్మ లేచింది. దొడ్డి ముందున్న పాలు తాగే గొర్రెపిల్లలను కర్రతో లోపలికి తోలింది. దొడ్డి తడికకు పాత దుప్పటి కప్పింది. వసంతతో, "పిల్లను లోపటికి తీస్కపో" అన్నది. సోమయ్య పొట్టేలు నుదుటి మీద పసుపు చెయ్యి పెట్టి, పక్కకు తిరిగి నిలబడ్డాడు. పొట్టేలు నాలుగు కాళ్ళు కట్టి కాంటాకు వేలాడదీస్తే, అది కిందికి చూస్తూ అరిచింది. ముల్లు ఊగి నిలబడింది. ఇక ఆ జీవం దొడ్లోకి తిరిగి పోలేదు. అక్కడి నుంచి అటే బండి ఎక్కింది.

నాగరాణి వాకిట్లోనే ఉండి అదంతా చూసింది.

ఆ కొక్కెం ఏమిటో ఆమెకు తెలియదా? చిన్నప్పుడు పండుగ వస్తే నాయన పొట్టేలును కోసి ఆ కొక్కేనికే వేలాడదీసి తోలు తీసేవాడు. పిల్లలందరూ చుట్టూ కూర్చుని కుప్పలు పంచేదాకా చూసేవాళ్ళు. పెంచుకునే జీవాన్ని ఎవరూ తూచరనీ, మందను పైకి వినబడేలా లెక్కపెట్టరనీ, కాంటా ఎక్కిందంటే ఆ జీవం పని అయిపోయిందనీ ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. నాగరాణికి కూడా తెలుసు. ఇన్నేళ్ళు వార్డుల్లో తిరిగి తిరిగి, కొక్కెం కనబడితే సెలైన్ సీసా తగిలించేదే అనుకునే కళ్ళయిపోయాయి ఆమెవి. ఇంకా పేరు కూడా పెట్టని పిల్లను తీసుకుపోయి, కాళ్ళు వేలాడేలా ఆ కొక్కేనికి తగిలించింది. అదీ బాలింతలందరూ చూస్తుండగా.

బండి పోయాక తల్లి దగ్గరికి పోయింది.

"నెలలు తిప్పిన్రు గదనే నన్ను. గా కొక్కెం సంగతి ఒక్క మాట జెప్తె అయిపోతుండె గద."

"ఎట్ల జెప్పాలె?" కొమురమ్మ దుప్పటి మడతపెడుతూ అన్నది. "పసిగుడ్డును పట్టుకొని గా మాట నోటితోని అంటరా ఎవలన్న? అంటె కీడును పిలిసినట్టే గద. అందరం మనసుల పెట్టుకొని, నీకే యాదికొస్తదని సూసినం."

"యాదికి రాలె."

"రాలె. సూసినం గద."

"సాలమ్మత్త రొట్టెలు పెట్టుకుంట తిప్పె."

"మరి నిన్ను ఉత్త కడుపుతోని పంపియ్యాల్నా?"

నాగరాణికి కాంటాను తీసుకుపోయి గోడకేసి కొట్టాలనిపించింది. కాలేజీ సామాను కాబట్టి కొట్టలేదు.

అయితే ఇక్కడ ఒక సంగతి. వసంత పిల్లను తొట్టెల్లో వేసి అప్పటికి కొన్నాళ్ళయింది. మన దగ్గర పిల్ల పుట్టగానే తొట్టెల్లో వేయరు కదా. మూడు వారాలు దాటాక, చుట్టాలను పిలిచి, పేరు పెట్టి, అప్పుడు వేస్తారు. ఇంటి దూలానికి తాడు, తాడుకు తల్లి పాత చీర, అందులో పిల్ల. ఆ సాయంత్రం నాగరాణి గడప మీద కూర్చుని, వసంత తాడు లాగుతుంటే ఊగే తొట్టెలనే చూస్తున్నది. పైన దూలం. కింద చీర. పిల్ల హాయిగా వేలాడుతున్నది. ఎవరికీ భయం లేదు.

లేచి సంచిలో నుంచి కాంటా తెచ్చింది. వసంత చెయ్యి తాడు మీద ఆగిపోయింది.

"వదినా, మళ్ళొద్దు."

"పిల్లను తియ్యను వసంతా. ముట్టుకోను గూడ. దీన్ని తాడుకు, తొట్టెలకు నడుమ కడత. పిల్ల దాని తొట్టెల్లనే ఉంటది. నువ్వే పండుకోబెట్టు, నువ్వే ఊపు."

వసంత అత్త వైపు చూసింది. కొమురమ్మ దూలం వైపు చూసింది.

"సంచి?"

"సంచి వద్దు. నీ కోడలి చీరనే."

"గా చెట్టు కాడికి?"

"చెట్టు కాడికి ఇగ నేనే పోను."

"అయితె కట్టు," అన్నది కొమురమ్మ.

కాంటాకు పసుపు రాసి, దూలం తాడుకు కట్టారు. ముందు ఉత్త చీరను తూచుకున్నది. తర్వాత వసంత పిల్లను పండుకోబెట్టింది. పిల్ల ఏడవలేదు. ఊపు ఆగాక ముల్లు నిలబడింది. నాగరాణి దగ్గరికి పోయి చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. పుట్టిన నాటి తూకానికీ ఈ తూకానికీ మధ్య రావాల్సినంత తేడా లేదు. పిల్ల పెరగడం లేదు. చూడటానికి బుగ్గలున్నాయి, ఎత్తుకుంటే వెచ్చగా ఉంది, అందుకని ఎవరికీ తెలియలేదు. నర్సుగా ఆమెకూ తెలియలేదు.

మిర్యాలగూడలో పెన్ను పట్టుకున్న ఆ రాత్రే రాసి ఉంటే తను ఏ అంకె వేసేదో ఆమెకు గుర్తుకొచ్చింది. పుస్తకంలో ఉన్న మంచి అంకె వేసేది. తమ్ముడి బిడ్డ బాగా పెరుగుతున్నదని రాసేది.

"ఏమున్నది? గట్ల సూస్తున్నవేంది?" కొమురమ్మ అడిగింది.

"అవ్వ, వసంతకు పొద్దుగాల ఏం పెట్టినవ్?"

"ఏం పెడత. కారమన్నం."

"రేపు పప్పు పెట్టు. నీళ్ళు అడిగినప్పుడల్ల ఇయ్యి. వచ్చే వారం ఇదే తొట్టెల్ల సూద్దాం. ముల్లు ఎక్కకుంటె నన్ను తిట్టు, నీ కారం నువ్వు పెట్టుకో."

తెల్లారి పప్పుకుండ పొయ్యి మీదికి ఎక్కింది. వారానికి ముల్లు జరిగింది. ఎక్కువ కాదు, జరిగింది. ఆ మాట సాలమ్మ చెవిన పడటానికి పూట పట్టలేదు. పరుగున వచ్చింది.

"మా ఇంట్ల దూలం లేదా కోడలా? మీ దూలం ఒక్కటే గట్టిదా? రేపు నా మనుమరాలికి కట్టాలె. నిద్రలేపి మరీ కూసోబెడత."

"మస్తు నిద్రవోతది గద అత్తా."

"ఏమో ఇప్పుడు తగ్గింది."

ఇల్లిల్లూ తిరిగి తూకాలు తీసుకుని, నాగరాణి సంతోషంగా కోదాడ బస్సెక్కింది. సీత మేడమ్ కాగితాలు తిరగేసింది. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు.

"తొట్టెల ఆలోచన చాలా బాగుందమ్మాయ్. మొదటి మూడు వారాలు ఏవీ?"

"తొట్టెల్ల ఏసినంకనే తూచొచ్చు మేడమ్. అంతకుముందు కుదరదు."

"కుదరదంటే ఎలా? నువ్వు కాలేజీ కమిటీకి రాసిచ్చింది పుట్టిన వారం నుంచి అని కదా. మధ్యలో మార్చేస్తే వాళ్ళు ఒప్పుకోరు. మళ్ళీ అనుమతి తీసుకుని, కొత్త పిల్లలతో మొదటి నుంచి చెయ్యాలి. అంటే ఈ బ్యాచ్‌తో నీ పరీక్ష కాదు."

"అంటె ఏడాది పోతది."

సీత మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. గొంతు తగ్గించి అన్నది.

"చూడు, ఆ మూడు వారాలు ఎలా ఉంటాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మిగతాదంతా ఉంది కదా. నేను మళ్ళీ అడగను."

నాగరాణి ఆ ఖాళీ గళ్ళ వైపు చూసింది. అక్కడ పిల్లలు ఒక్కొక్కరే కనబడ్డారు. సాలమ్మ దాచిన పిల్ల, పక్కింటి పిల్లని చెప్పిన పిల్ల, వేపచెట్టు కింద ఏడ్చిన పిల్ల.

"మా వసంత పిల్లకు గూడ తెలిసినట్టే రాసేదాన్ని మేడమ్. తప్పు రాసేదాన్ని."

"అయితే?"

"ఏడాది పోనీయండి."

బయటికి వచ్చాక మాత్రం కోదాడ బస్టాండులో కూర్చుని కడుపునిండా ఏడ్చింది. పక్కన కూర్చున్న ముసలమ్మ అయ్యో ఎవరు పోయారని అడిగితే, "కొలువు పోయిందవ్వా" అన్నది. నిజంగానే పోయింది. ఎండాకాలం వచ్చింది, మిర్యాలగూడ నర్సింగు బడి తెరిచారు, కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. వీరేశం కొన్నాళ్ళు మాట్లాడలేదు. మాట్లాడిన రోజు అన్నాడు, "నాలుగు అంకెలే గద రాణీ." ఆమె, "అవునయ్యా, నాలుగే," అని వంటింట్లోకి పోయింది.

మరుసటి ఏడు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కమిటీకి ముందే రాసిచ్చింది, తొట్టెల నాటి నుంచి అని. ఎందుకో వివరం రాయమని వాళ్ళు కాగితం వెనక్కి పంపితే, రాసింది. అర్థం కాలేదని మళ్ళీ పంపితే మళ్ళీ రాసింది. కొత్త బాలింతలు, కొత్త పిల్లలు, అదే దుమ్ము, అవే ఆటోలు. ముందు తోటివాళ్ళుగా ఉన్న ఇద్దరు అదే కాలేజీలో టీచర్లయి, ఆమె కాగితాల మీద తప్పులు దిద్దారు. అదీ మింగింది. పట్టా వచ్చింది. వచ్చేనాటికి సెలవు అయిపోయింది, మళ్ళీ సూర్యాపేట దవాఖానలో అదే వార్డు, అదే నైట్ డ్యూటీ. మొదటి రోజు పట్టా సంగతి చెబితే పెద్ద నర్సమ్మ మెచ్చుకున్నది. "మంచిగైంది రాణీ. జర ఆ మూలమీది బెడ్డుకు సెలైన్ అయిపోయింది, మార్చు" అన్నది. నాగరాణి పోయి కొక్కేనికి సీసా తగిలించింది. తగిలిస్తూ ఒక నిమిషం ఆ కొక్కెం వైపే చూస్తూ నిలబడింది.

ఇప్పటికీ ఆమెకు ఆ కడుపుమంట పోలేదు బిడ్డలారా. కుర్చీ సంగతి ఎత్తితే మూతి తిప్పుకుంటుంది. ఊరికి వస్తే మాత్రం సాలమ్మ వదలదు. సాలమ్మ ఇంట్లో దూలానికి కాంటా కట్టే ఉంటుంది, పసుపు రాసి, పాత చీర తగిలించి. పుట్టిన పిల్లనల్లా తొట్టెల నాడు దాని కిందికి తెస్తారు. ముల్లు ఎక్కకపోతే ఆ ఇంటి అత్తను పట్టుకుని తిట్టేది కూడా సాలమ్మే. "కారమే తినిపిస్తివా ఏందే," అంటుంది, తను అంతకుముందు ఏం తినిపించిందో మరిచిపోయి.

అదీ నాగరాణి సంగతి. మీరూ చదువుకుని ఏదో ఒక సంచి భుజాన వేసుకుని ఎవరి వాకిట్లోకో పోతారు. పోయినప్పుడు ఈ వేపచెట్టును, ఈ తొట్టెలను యాది పెట్టుకోండి. యాది పెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు ఆమె పోగొట్టుకున్న కుర్చీ సంగతి మాత్రం మింగేయకండి, అది కూడా చెప్పండి.